మా ఆయన లోకో పైలట్, గుంతకల్లు. 60 నిండేదాకా ఆగాలా, ముందే వీఆర్‌ఎస్ ఇవ్వాలా?

అనంతపురం_ఇల్లాలు
17 నవంబర్ 2025

అందరికీ నమస్కారం. రైల్వే పెన్షన్ లెక్కలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మా ఆయన గుంతకల్లు డివిజన్‌లో మెయిల్ బండ్ల లోకో పైలట్. పుట్టింది 12-3-1968, ఉద్యోగంలో చేరింది 1994 ఆగస్టులో. కాబట్టి పాత పెన్షనే. బేసిక్ 76,500, ఇంక్రిమెంట్ ఏటా జూలైలో. మామూలుగా అయితే 31-3-2028న రిటైర్మెంట్. కోతలన్నీ పోను నెలకు 1,35,000 అటూ ఇటూగా చేతికొస్తుంది, కిలోమీటర్ అలవెన్స్ కూడా అందులోనే.

ఇక చాలు, వీఆర్‌ఎస్ (గడువుకు ముందే సొంతంగా రిటైరవడం) తీసుకుంటా, ఇప్పుడే నోటీసు ఇచ్చేస్తానంటారు. రాత్రి బండ్లు, నిద్ర సరిగా లేదు, షుగర్ మాత్రలు వేసుకుంటారు. ఏటా మెడికల్ దగ్గరపడితే ఇంట్లో గుబులే. ఆపాలని నాకేమీ లేదు. కానీ ముందే దిగితే పెన్షన్ ఎంత తగ్గుతుందో ఎవరూ ఒక అంకె చెప్పడం లేదు. ఒకరు సగానికి సగం పోతుందంటారు, ఇంకొకరు ఏమీ పోదంటారు. వీఆర్‌ఎస్ ఇస్తే అబ్బాయికి ఉద్యోగం వస్తుందని కూడా ఎవరో ఆయన చెవిలో వేశారు.

ఉండేది గుంతకల్లులో రైల్వే క్వార్టర్. అనంతపురంలో సొంత ఇల్లు ఉంది, దాని మీద అప్పు ఇంకా 14 లక్షలు, వడ్డీ 8.4 శాతం. ఏది ఎప్పుడు చేయాలో తేదీలతో సహా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.


సీమ_బండి

ముందే దిగినా నష్టం లేదండీ. వీఆర్‌ఎస్ ఇచ్చినవాళ్లకు 5 ఏళ్ల సర్వీసు అదనంగా కలుపుతారు. 31కి 5 కలిపితే 33 దాటుతుంది, ఫుల్ పెన్షన్ వస్తుంది. నిశ్చింతగా ఇచ్చేయమనండి.


పాత_సెటిల్‌మెంట్_గుమాస్తా

పైన చెప్పిన 5 ఏళ్ల వెయిటేజీ 2008లోనే పోయింది. 33 ఏళ్లకే ఫుల్ పెన్షన్ అనే నియమం తీసేసినప్పుడు దానితోపాటే దీన్నీ తీసేశారు. ఇప్పుడు 10 ఏళ్ల అర్హత సర్వీసు దాటినవాళ్లందరికీ చివరి జీతంలో సగమే పెన్షన్. చివరి 10 నెలల సగటు ఎక్కువైతే దాని మీద లెక్కిస్తారు. 31 ఏళ్లయినా 33 ఏళ్లయినా ఆ సగం సగమే. సగానికి సగం పోతుందన్నవాళ్ల మాట తప్పు. ఏమీ పోదన్నదీ పూర్తిగా నిజం కాదు.

అమ్మా, లెక్క ఇదీ. రన్నింగ్ స్టాఫ్‌కు (బండ్లు నడిపేవాళ్లకు) పెన్షన్ కోసం బేసిక్ మీద 55 శాతం కలుపుతారు. 76,500కి 55 శాతం కలిపితే 1,18,575. అందులో సగం 59,288. ఇప్పుడున్న బేసిక్ మీద దిగితే వచ్చే పెన్షన్ ఇది. దీనిపై డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) 2025 జూలై నుంచి 58 శాతం, అంటే 34,387. కమ్యూట్ చేయకపోతే, అంటే పెన్షన్‌లో కొంత అమ్మి ఒకేసారి డబ్బు తీసుకోకపోతే, నెలకు 93,675.

2026 జూలై ఇంక్రిమెంట్ పడితే బేసిక్ 78,800, పెన్షన్ 61,070. 2027 జూలైది కూడా పడితే బేసిక్ 81,200, పెన్షన్ 62,930. ఆ తర్వాత 31-3-2028 దాకా మరో ఇంక్రిమెంట్ లేదు. అందుకే ఇప్పుడా, 60కా అని రెండే దారులుగా చూడకండి. 2027 జూలై మొదటి వారంలో దిగినా, 2028 మార్చి ఆఖరున దిగినా మూల పెన్షన్ ఒకటే. ఆ చివరి తొమ్మిది నెలలు బండి నడిపేది జీతం కోసమే, పెన్షన్‌కు ఒక్క రూపాయి కలవదు.

గ్రాట్యుటీ కూడా చూడండి. దానికి లెక్కలోకి వచ్చేది 1,18,575, దాని మీద 58 శాతం డీఏ, మొత్తం 1,87,348. ప్రతి ఆరు నెలల సర్వీసుకు అందులో నాలుగో వంతు. 31 ఏళ్లకు 62 అర్ధ సంవత్సరాలు, అంటే పదిహేనున్నర రెట్లు, 29 లక్షల పైచిలుకు. కానీ పరిమితి 25 లక్షలు (1-1-2024 నుంచి, అంతకుముందు 20). మీవారు ఆ పరిమితి ఇప్పటికే దాటేశారు. ఇంకో రెండేళ్లు చేసినా గ్రాట్యుటీ అదే 25 లక్షలు.

కమ్యుటేషన్ అయితే ఆగేకొద్దీ తగ్గేది కూడా ఉంది. పెన్షన్‌లో 40 శాతం దాకా అమ్ముకోవచ్చు. దానికి వాడే గుణకం వచ్చే పుట్టినరోజుకు ఎన్నేళ్లు నిండుతాయో దాన్నిబట్టి ఉంటుంది. 58కి 8.446, 59కి 8.371, 60కి 8.287, 61కి 8.194. 62,930 పెన్షన్‌లో 40 శాతం 25,172. 2027 జూలైలో అయితే 25,03,204 వస్తుంది, 2028 మార్చి ఆఖరున దిగితే 24,75,112. తేడా 28,000, పెద్దదేం కాదు. ఆగితే ఎక్కువొస్తుందనే భ్రమ మాత్రం వద్దు.

ఇక తేదీ. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. 60 నిండి దిగేవాళ్లకు ఆఖరు రోజు పనిదినం. వీఆర్‌ఎస్ తీసుకునేవాళ్లకు దిగే తేదీ పనిదినం కాదు. నోటీసులో 1-7-2026 అని రాస్తే ఆయన ఉద్యోగంలో ఉన్నది 30-6-2026 దాకానే అవుతుంది, జూలై 1 ఇంక్రిమెంట్ ప్రశ్నార్థకం. 2-7-2026 అని రాయండి. ఒక్క రోజు తేడాకు జీవితాంతం నెలకు 1,782, పైన డీఆర్.

నోటీసు మూడు నెలలది. 30 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకు పెన్షన్ రూల్స్ 1993లో 66వ నియమం, 20 నిండినవాళ్లకు 67వది. మీవారికి 66 వర్తిస్తుంది, ఆ నియమం పేరుతోనే రాయించండి. 2-7-2026 కావాలంటే మార్చి ఆఖరులోపే నోటీసు చేరాలి, చేరినట్టు తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఇచ్చాక మనసు మారితే ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకుంటానని అర్జీ పెట్టుకోవచ్చు. కానీ అధికారి ఒప్పుకోవాలి, అది మన హక్కు కాదు.


అనంతపురం_ఇల్లాలు

చాలా ధన్యవాదాలండీ. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయితే ఇప్పుడే నోటీసు ఇస్తే ఫిబ్రవరిలో దిగుతారు. 59,288కీ 62,930కీ తేడా 3,642. ఈ 3,642 కోసం ఇంకా ఏడాదిన్నర రాత్రి బండ్లా అని ఆయన వాదన. కొత్త పే కమిషన్ సంగతేంటి? అది వచ్చేదాకా ఆగాలా?


పాత_సెటిల్‌మెంట్_గుమాస్తా

3,642 అన్నది మూలం. దానిపై డీఆర్ కలిస్తే ఇప్పుడున్న 58 శాతం మీద 5,754. అయినా మీవారి వాదన కొట్టిపారేయలేనిది. చేతికొచ్చేది 1,35,000, కమ్యూట్ చేయని పెన్షన్ 93,675. ఉద్యోగంలో ఉండి అదనంగా సంపాదించేది నెలకు 41,000 అన్నమాట. ఒక చిన్న సవరణ: చేతికొచ్చే 1,35,000లో పీఎఫ్ కోత పోయింది కదా, అది మీ సొంత పొదుపే. నెలకు ఎంత కోస్తున్నారో పే స్లిప్‌లో చూసి 41,000కి కలపండి. అసలు తేడా అప్పుడు తెలుస్తుంది.

8వ వేతన సంఘం విధివిధానాలకు మంత్రివర్గం 2025 అక్టోబర్ 28న ఆమోదం ఇచ్చింది, నివేదికకు గడువు 18 నెలలు. అంటే 2027 నడుమ దాకా కాగితమే చేతికి రాదు. ఎప్పటి నుంచి అమలన్నది ప్రకటించలేదు. గత రెండు సంఘాలూ 1-1-2006, 1-1-2016 నుంచి అమలయ్యాయి. 2006లో గ్రాట్యుటీ పరిమితి మూడున్నర లక్షల నుంచి 10 లక్షలకు, 2016లో 20 లక్షలకు పెరిగింది, రెండుసార్లూ జనవరి 1 నుంచే. ఆ లెక్కన 1-1-2026కి ముందు దిగడం తెలివితక్కువ పని. మీకు ఆ బెడద లేదు, ఇవాళ నోటీసు ఇచ్చినా మూడు నెలలు నడిచేసరికి ఫిబ్రవరి నడుమ అవుతుంది. అంతకుమించి కమిషన్ మీద లెక్క వేయకండి. రాని దాన్ని నమ్ముకుని రెండేళ్లు లాగడం, రాదనుకుని పరుగెత్తడం, రెండూ జూదమే.


లాబీ_కబుర్లు_గుత్తి

అక్కా, లెక్కలు పెద్దాయన బాగా చెప్పినారు. రన్నింగ్ వైపు నుంచి కొన్ని చెప్తా.

మొదటిది మెడికల్. లోకో పైలట్ ఏ-1 కేటగిరీ. 45 దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా పీఎంఈ (గడువు ప్రకారం చేసే మెడికల్ పరీక్ష). అందులో ఫెయిలయితే ఉద్యోగం పోతుందని భయపడేటోళ్లు ఎక్కువ. పోదు. డీకేటగిరైజ్ చేసి కింది మెడికల్ కేటగిరీలో కూర్చునే పోస్టు ఇస్తారు, జీతం కాపాడతారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 20వ సెక్షన్ కూడా అదే చెప్తాది.

అయితే అసలు మెలిక యాడుందంటే, కూర్చునే పోస్టులో చేరితే బేసిక్‌కు 30 శాతం కలిపి కొత్త జీతం ఖరారు చేస్తారు. 76,500కి 30 శాతం కలిపితే 99,450, పై మెట్టు 99,800 అనుకోండి. ఆ పోస్టులో రిటైరయితే పెన్షన్ దాంట్లో సగం, 49,900. ఇక 55 శాతం లేదు. రన్నింగ్‌లో ఉండగానే దిగితే 59,288. నెలకు 9,388 మూలంలోనే తేడా. నైట్ డ్యూటీ తప్పుతుందని సంతోషపడి ప్రత్యామ్నాయ పోస్టు ఆర్డర్ మీద సంతకం పెట్టేముందు, రిటైర్మెంట్ లెక్క 55 మీదనా 30 మీదనా అని పర్సనల్ బ్రాంచ్‌ను రాతపూర్వకంగా అడగాలి. మీవారికి ఏటా పీఎంఈ ఏ నెలలో వస్తుందో చూసుకోండి. వీఆర్‌ఎస్ ఇయ్యాలని నిజంగా మనసులో ఉంటే, నోటీసు ఆ నెల కంటే ముందు పడేలా చూడటం మంచిది. మెడికల్ అయినాక పరిస్థితి చేతిలో ఉండదు.

రెండోది సెలవులు. ఎల్ఏపీ (పూర్తి జీతపు సెలవు) 300 రోజుల దాకా డబ్బుగా ఇస్తారు, వీఆర్‌ఎస్‌కు కూడా. అది తక్కువుంటే ఎల్‌హెచ్‌ఏపీ (సగం జీతపు సెలవు) కలిపి 300 దాకా నింపుతారు. ఖాతాలో 300 నిండి ఉంటే ఆపైన పడేవి వృథా, కాబట్టి నోటీసు కాలంలో అవి వాడుకోవచ్చు. 300 నిండకుంటే మాత్రం సెలవు పెట్టిన ప్రతి రోజూ జేబులోంచి తీసి ఇచ్చినట్టే. సెలవు రోజుకు కిలోమీటర్ అలవెన్స్ కూడా లేదు.

జూలై 1న మాత్రం సెలవులో ఉండొద్దు. సెలవులో ఉంటే ఇంక్రిమెంట్ డ్యూటీలో చేరిన రోజు నుంచి చేతికొస్తుంది. జూన్ 30న సెలవు మొదలుపెట్టి జూలై 2న దిగుతానంటే ఒకదానికొకటి చిక్కుముడి. ఒక బండి సైన్ ఆన్ చేసి పని చేస్తే ఏ ప్రశ్నా ఉండదు.

అబ్బాయి ఉద్యోగం సంగతి. దాన్ని లార్జెస్ అని పిలిచేవాళ్లు, డ్రైవర్లకూ గ్యాంగ్‌మెన్‌కూ ఉండేది. 2017 అక్టోబర్‌లో ఆపేసినారు, 2018లో రద్దు చేసినారు. ఇప్పుడు వీఆర్‌ఎస్ ఇస్తే కొడుక్కి ఉద్యోగం అని చెప్పే దళారి దగ్గరికి పోతే ఉన్న డబ్బు పోతుంది. దీంట్లో సందేహమే లేదు.


పద్దుల_పిచ్చి_కడప

ఇంటి అప్పు, కమ్యుటేషన్ కలిపి ఆలోచించాల్సినవి, విడిగా కాదు.

ఫిబ్రవరిలో దిగితే (వచ్చే పుట్టినరోజుకు 58, గుణకం 8.446) 59,288లో 40 శాతం 23,715. దాన్ని 12తో, 8.446తో గుణిస్తే 24.03 లక్షలు చేతికొస్తాయి. బదులుగా 15 ఏళ్లు నెలకు 23,715 పెన్షన్‌లో తగ్గుతుంది, మొత్తం 42.69 లక్షలు. దీన్ని వడ్డీగా మారిస్తే సుమారు ఎనిమిదిన్నర శాతం. మీ ఇంటి అప్పు 8.4. కాబట్టి అప్పు తీర్చడానికి కమ్యూట్ చేస్తే వడ్డీలో మిగిలేదేమీ లేదు, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చినట్టే.

అయినా నేను కమ్యూట్ చేయమనే అంటాను, రెండు కారణాలకు. ఒకటి, పెన్షనర్ పోతే మిగిలిన కోత అక్కడితో ఆగిపోతుంది, కుటుంబ పెన్షన్‌లో తగ్గించరు. బ్యాంకు అప్పు అలా మాఫీ కాదు. డీఆర్ కూడా కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీదే వస్తుంది, అంటే చేతికి 69,960.

రెండోది పన్ను. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, పెన్షన్‌కు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వేరే. కమ్యూట్ చేయకుండా ఉంటే ఏడాదికి 11,24,100, డిడక్షన్ తీస్తే 10,49,100, పన్ను సున్నా. అక్కడిదాకా బాగుంది. కానీ గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బులోంచి 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్‌లో వేశారనుకోండి, 8.2 శాతం చొప్పున ఏటా 2,46,000 వడ్డీ. మొత్తం 12,95,100కి చేరి గీత దాటుతుంది. పన్ను, సెస్ కలిపి 77,000 పైనే. అదే కమ్యూట్ చేస్తే పెన్షన్ ఆదాయం ఏటా 2,84,580 తగ్గి, ఈ వడ్డీ కలిసినా 10,10,520 దగ్గర ఆగుతుంది. పన్ను లేదు. 24 లక్షల్లో 14 లక్షలు అప్పుకు పోగా మిగిలిన 10 లక్షలు ఎక్కడో డిపాజిట్ చేసినా 12 లోపే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల డబ్బు మీద కేంద్ర ఉద్యోగికి పన్నే లేదు. దిగిన ఏడాది మాత్రం కొన్ని నెలల జీతమూ కలుస్తుంది కాబట్టి ఆ ఒక్క సంవత్సరం లెక్క వేరుగా వేసుకోండి.

సీనియర్ సిటిజన్ ఖాతా 60 నిండాకే అనుకుంటారు చాలామంది. 55 నుంచి 60 మధ్య రిటైరైనవాళ్లు కూడా తెరవచ్చు, వీఆర్‌ఎస్‌తో సహా. షరతు ఏమిటంటే రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు, వచ్చిన డబ్బుకు మించకుండా. గరిష్ఠం 30 లక్షలు. ఆ మూడు నెలలు దాటిపోతే 60 దాకా ఆగాల్సిందే. గ్రాట్యుటీ ఆర్డర్ కాగితం జిరాక్స్ పోస్టాఫీసులో అడుగుతారు, ముందే పెట్టుకోండి. మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, ఇంటి ఖర్చుకు మంచి ఊతం.

కమ్యుటేషన్‌కు దిగిన ఏడాదిలోపు అర్జీ పెడితే మెడికల్ పరీక్ష ఉండదు, వీఆర్‌ఎస్‌కు కూడా. షుగర్ ఉన్నవాళ్లు ఈ ఏడాది దాటనివ్వకూడదు.


అనంతపురం_ఇల్లాలు

ఇవన్నీ కాగితం మీద రాసుకుంటున్నాను. ఆయనకు జూలై 2026 తేదీ నచ్చింది. ఫిబ్రవరి వద్దు, 2027 మరీ దూరం అంటున్నారు. ఇంకో రెండు అడగాలి. క్వార్టర్ ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు? ఆయన సర్వీస్ రిజిస్టర్‌లో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటిది. ఇబ్బందా?


పాత_సెటిల్‌మెంట్_గుమాస్తా

ఇబ్బందే, అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో మీ పేరు సర్వీస్ రిజిస్టర్ నుంచే పడుతుంది. రేపు కుటుంబ పెన్షన్ వేళ బ్యాంకులో ఆధార్ అడిగినప్పుడు రెండు పేర్లుంటే మీరే తిరగాలి, అదీ ఆ సమయంలో. నోటీసు ఇవ్వడానికి ముందే, అంటే డిసెంబర్, జనవరిలో ఆయన అర్జీ పెట్టి సర్వీస్ రిజిస్టర్‌లో పేరు సరిచేయించాలి. ఆధార్, పాన్ జిరాక్స్‌లు, రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ జత చేయండి. సరిచేసిన పేజీ కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. మీ పుట్టిన తేదీ కూడా అన్నింట్లో ఒకేలా ఉందో చూడండి, పిల్లలవీ.

అదే సమయంలో అర్హత సర్వీసు ధ్రువీకరణ తీసుకోండి. జీతం లేని సెలవులు, సమ్మె రోజులు, డైస్‌నాన్ (సర్వీసులోకి లెక్కించనివి) పడిన రోజులు ఎన్ని ఉన్నాయో తేలుతుంది. మీకు 31 ఏళ్లు ఉన్నాయి కాబట్టి కొన్ని రోజులు పోయినా పర్వాలేదు. కానీ 66వ నియమం కింద 30 నిండాలన్నది నోటీసు ఇచ్చాక తగువు కాకూడదు. పెండింగ్‌లో చార్జిషీట్ ఏదైనా ఉందా? సిగ్నల్ దాటిన కేసు గానీ, పాత రికవరీ గానీ ఉంటే గ్రాట్యుటీ ఆగుతుంది. ఉంటే ముందు దాన్ని తేల్చుకోవాలి.

పెన్షన్ ఖాతా ఆయన, మీరు కలిసి జాయింట్‌గా పెట్టండి, మొదటి పేరు ఆయనది. జాయింట్ ఫొటోలు కాస్త ఎక్కువే తీయించుకోండి. నామినేషన్లు గ్రాట్యుటీకి, పీఎఫ్‌కి, కమ్యుటేషన్‌కి వేరువేరుగా ఇవ్వాలి. ఒకటి ఇచ్చి అన్నిటికీ సరిపోతుందనుకుంటారు.

క్వార్టర్ దిగిన తర్వాత నాలుగు నెలలు మామూలు అద్దెతో, ఇంకో నాలుగు నెలలు రెట్టింపు అద్దెతో ఉంచుకోవచ్చు, అనుమతి అడిగి తీసుకోవాలి. ఆపైన ఉంటే డ్యామేజ్ రెంట్ (జరిమానా అద్దె). అనుమతి లేకుండా ఉన్న ఒక్కో నెలకు రిటైర్మెంట్ తర్వాత ఇచ్చే రైలు ప్రయాణ పాసుల్లో ఒక్కో సెట్ కోసేస్తారు. 25 ఏళ్లు దాటిన గ్రూప్-సి వాళ్లకు ఏడాదికి రెండు సెట్లు, కాబట్టి ఆ కోత ఏళ్లకేళ్లు వెంటాడుతుంది. క్వార్టర్ ఖాళీ చేసిన కాగితం వచ్చేదాకా గ్రాట్యుటీ డబ్బు కూడా ఆపుతారు. అనంతపురంలో ఇల్లు సిద్ధంగానే ఉంది కదా, జూలైలో దిగితే సెప్టెంబర్‌లోపు మారిపోవడం మంచిది. 25 లక్షలకు నెలకు వడ్డీ లెక్కేసి చూడండి, క్వార్టర్ అద్దె చౌక కాదని అర్థమవుతుంది.

రిటైర్మెంట్ తర్వాత వైద్యానికి రెల్స్‌లో (రిటైరైన రైల్వే ఉద్యోగుల వైద్య పథకం) చేరాలి, 20 ఏళ్ల సర్వీసు దాటినవాళ్లకే ఉంటుంది. చందా ఒక్కసారే, సెటిల్‌మెంట్ డబ్బులోంచే కోస్తారు. ఉమీద్ కార్డుల్లో (రైల్వే వైద్య గుర్తింపు కార్డులు) మీ ఇద్దరి పేర్లూ ఇప్పుడే సరిచూసుకోండి, పేరు తప్పు అక్కడా అదే వేధిస్తుంది. అనంతపురం ఇంటికి రైల్వే ఆస్పత్రి గానీ హెల్త్ యూనిట్ గానీ 2.5 కిలోమీటర్లకు మించి దూరమైతే, ఓపీ వాడుకోకుండా నెలకు 1,000 ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్స్ తీసుకోవచ్చు. షుగర్ మందులు రైల్వే దగ్గరే తీసుకుంటానంటే ఆ వెయ్యి వదులుకోవడమే నయం, మందుల ఖర్చు దానికి మించుతుంది.


లాబీ_కబుర్లు_గుత్తి

అక్కా, జూలై 2026 తేదీ అయితే వరుస ఇట్ల పెట్టుకోండి. డిసెంబర్, జనవరి: పేరు, సర్వీసు ధ్రువీకరణ. ఫిబ్రవరి: సెలవుల ఖాతా చూసుకొని 300 దాటినవి వాడుకోవడం. మార్చి రెండో వారం: నోటీసు, ముద్ర వేసిన కాపీ ఇంట్లో. మధ్యలో పీఎంఈ నెల పడుతుంటే నోటీసు దానికి ముందుకు జరపండి, దిగే తేదీ మాత్రం అదే 2-7-2026 ఉంచొచ్చు. నోటీసు మూడు నెలలకు తక్కువ కాకూడదు గానీ ఎక్కువైతే ఎవరూ ఏమనరు.

పుట్టినరోజు 12 మార్చి దాటుతుంది కాబట్టి కమ్యుటేషన్ గుణకం 8.371. 61,070లో 40 శాతం 24,428, చేతికి 24,53,841. ఆ అంకె కూడా కాగితం మీద రాసుకోండి, ఆఫీసు లెక్కతో పోల్చడానికి.


అనంతపురం_ఇల్లాలు

రాసుకున్నాను తమ్ముడూ. ఆయన పీఎంఈ ఏప్రిల్‌లో అట. అందుకని ఫిబ్రవరిలోనే నోటీసు ఇస్తామన్నారు. పేరు సరిచేసే అర్జీ సోమవారం పెడుతున్నాం.